వ్రతం రోజు గుళికలు

మా చుట్టాల్లో సాఫ్ట్‌వేర్ అన్నాక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. నేను ఆఫీసులో ఏం చేస్తానో ఒక్కరికీ తెలియదు. జీతం ఎంతో మాత్రం అందరికీ తెలుసు. మా ఆవిడ పరిస్థితి అది కాదు. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో మైక్రోజెల్స్ చేస్తుందనగానే ఎంతటి పెద్దమనిషైనా ఒక్క క్షణం ఆగి, "తలకి రాసుకునేదేనా?" అంటాడు.

మా పెదనాన్న రిటైరైన హెడ్మాస్టరు. తనకి తెలియని విషయం ఒకటి లోకంలో మిగిలి ఉందంటే ఆయనకి అన్నం సయించదు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి విజయవాడలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే ప్రకటించారు. "అమ్మాయ్, ఈసారి నీ ఉద్యోగమేమిటో తేల్చుకునే వెళ్తాను."

"చెప్పడమెందుకు మామయ్యగారూ, వ్రతమయ్యాక చేసే చూపిస్తాను" అంది మా ఆవిడ. ల్యాబ్ సరుకు ఇంటికి తేకూడదు కాబట్టి, వంటకి వాడే సోడియం ఆల్జినేట్ పొడి, కాల్షియం లాక్టేట్ పొడి ఆన్‌లైన్‌లో తెప్పించింది.

ప్రసాదాలయ్యాక అందరూ వంటింటి ముందు చేరారు. ఆల్జినేట్ అనేది గోధుమరంగు సముద్రపు నాచులోంచి తీస్తారని, మన దగ్గర రామేశ్వరం పక్కన మండపం తీరంలో ఆ నాచు సేకరిస్తారని మొదలుపెట్టింది.

"రామేశ్వరమా? అయితే మడికి పనికొస్తుందిలే" అని మా అమ్మ అనుమతి మంజూరు చేసింది.

"ఇవి పొడవాటి గొలుసులు అత్తయ్యగారూ. సోడియంతో ఉన్నంతసేపూ నీళ్లలో విడివిడిగా తిరుగుతాయి. కాల్షియం తగిలిందా, సోడియం తప్పుకుంటుంది, రెండు గొలుసుల మధ్య గుంటల్లో కాల్షియం కూర్చుని వాటిని కలిపేస్తుంది. గుడ్ల ట్రేలో గుడ్లు కూర్చున్నట్టు. 1973 నుంచీ దీన్ని 'ఎగ్ బాక్స్ మోడల్' అనే అంటారు."

"వ్రతం రోజున గుడ్లేమిటే తల్లీ!" అని అమ్మ దేవుడి గది తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

ఇక్కడ మా నీళ్ల గురించి చెప్పాలి. వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ మీద కావేరికి ఇంకా పూర్తిగా దయ కలగలేదు. వచ్చేది ట్యాంకరు, అందులో ఉండేది బోరు నీళ్లు. గీజరు కాయిల్ మీద సున్నం పెచ్చులు కట్టే రకం. 2024 వేసవిలో ఆ ట్యాంకరు హారన్ వినపడితే మా వాచ్‌మన్ హారతివ్వడమొక్కటే తక్కువ. అందుకే ఆల్జినేట్ కలపడానికి క్యాన్ నీళ్లే వాడాలని మా ఆవిడ ముందురోజే చెప్పి పెట్టింది. డబ్బు పోసి కొన్న మంచినీళ్లు పొడి కలిపి పారబోస్తారా అని మా అమ్మకి మనసొప్పలేదు. గిన్నెలో పోసి పెట్టిన ఆ క్యాన్ నీళ్లు మెల్లగా కూర బాణట్లోకి ఒంపేసి, కుళాయి నీళ్లు పట్టి పెట్టింది.

పొడి వేసి తిప్పుతూ ఉంటే ద్రావణం నున్నగా రావడానికి బదులు గడ్డలు గడ్డలుగా తేలింది. ఆ సున్నంలో ఉండే కాల్షియం కొళాయిలోంచే వచ్చేసిందిగా మరి. ఇక కలపాల్సిన అవసరమే లేకుండా లోపల్లోపలే పెళ్లిళ్లు అయిపోతున్నాయి. మా ఆవిడ గరిటె ఎత్తి చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"అదేమిటమ్మా, ఉండలు కట్టాలనేగా ఇదంతా? కట్టాయిగా!" అంది అమ్మ.

దీనికి జవాబు ఏ సైన్సు పుస్తకంలోనూ లేదు.

రెండోసారి క్యాన్ నీళ్లతోనే కలిపింది. రంగు కోసం కాస్త సుగంధి షర్బత్ పోసి, సూది లేని సిరంజితో కాల్షియం నీళ్లలోకి చుక్కలు వదిలితే, ఒక్కొక్క చుక్కా తాకీ తాకగానే గుండ్రటి గుళికై కిందికి దిగింది. 2, 3 మిల్లీమీటర్లుంటాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ల్యాబ్‌లో ఇవే హై వోల్టేజీ పెట్టి చుక్కని చీలుస్తామని, లేదా నూనెలో చిలుకుతామని, అప్పుడు కంటికి ఆననంత చిన్నవి వస్తాయని, మైక్రోజెల్స్ అంటే అవేనని చెప్పింది. స్ట్రాన్షియం, బేరియం అయితే కాల్షియం కంటే గట్టిగా పట్టుకుంటాయట. రాగి వేస్తే నీలంగా వస్తాయి, సూక్ష్మక్రిములకి పడవు.

"రాగిచెంబులో నీళ్లు తాగమని నేను మొత్తుకుంటే వింటారా?" అంది అమ్మ నన్ను చూసి. ఏ శాస్త్రం ఎటు తిరిగినా చివరికి నా మీదికే వస్తుంది.

పెదనాన్న మాత్రం హెడ్మాస్టరు ప్రశ్నే వేశారు. "దీనివల్ల ఉపయోగం?"

ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఇలాంటి గుళికల్లో చుట్టి, 1980లో లిమ్, సన్ అనే ఇద్దరు షుగరున్న ఎలుకలకి పెడితే, రెండు మూడు వారాల పాటు షుగరు అదుపులో ఉందని మా ఆవిడ చెప్పింది. పెదనాన్నకి షుగరు. ఆయన కళ్లు మెరిశాయి. "ఎలకలకి 1980లో ఇచ్చి, నాకింకా ఇవ్వలేదా?" అని, ఆ బాధలో మరో రెండు బూరెలు తిన్నారు.

బూరెలు, పులిహోర, పైన ఆవడలు. నాలుగింటికి గ్యాసు మొదలైంది. సంచిలోంచి పొంగే పొడి ప్యాకెట్ తీశారు. గ్లాసులన్నీ సింకులో ఉన్నాయి. బల్లమీద కడిగిన గుళికలు మంచినీళ్లలో వేసిన గిన్నె ఉంది. మనిషి ఇంకేం ఆలోచిస్తాడు? ప్యాకెట్ అందులోనే చించి పోశారు. బుస్సుమంది. గుళికలు బుడగలతో పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఆయన తాగడం మానేసి పిల్లల్ని పిలిచి మరీ చూపించారు. కాసేపటికి గుళికలు ఉబ్బాయి, అంచులు చెరిగిపోయాయి, ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి. అప్పుడు గిన్నె ఎత్తి గడగడా తాగి, "కొంచెం జిగురుగా ఉందేం?" అన్నారు.

నేను హడలిపోయాను. మా ఆవిడ మాత్రం ఎగిరి గంతేసింది. ఆ పొడిలో సిట్రిక్ యాసిడ్, సోడా ఉంటాయి. రెండూ కలిస్తే సోడియం సిట్రేట్. అది కాల్షియాన్ని లాగేసుకుంటే గొలుసులు విడిపోతాయి. గుళికల్లో పెట్టిన కణాల్ని మళ్లీ బయటికి తియ్యాలంటే ల్యాబ్‌లో వాళ్లు చేసేదీ ఇదే. "మామయ్యగారూ, ప్రొటోకాల్ మొత్తం చేసేశారు!" అంటుంది. ఆయన దాన్ని తాగేశారనే ధ్యాస మా ఇంట్లో నాకొక్కడికే ఉంది.

అన్నీ తినే వస్తువులే కాబట్టి ఏమీ కాలేదు. పైగా రెండు తేన్పులొచ్చి గ్యాసు తీరిపోయింది. పొంగే పొడి వల్ల అని మేం అంటే ఆయన ఒప్పుకోరు. "ఆ పొడి పదేళ్లుగా తాగుతున్నాను, ఇంత సుఖం ఎప్పుడూ లేదు. ఇది అమ్మాయి గుళికల మహిమే." మా ఆవిడ కాదనబోయి ఆగిపోయింది. కొన్ని యాసిడిటీ సిరప్‌లలో సోడియం ఆల్జినేట్ నిజంగానే వేస్తారు. కడుపులో ఆమ్లం తగిలి జెల్ అయి, గ్యాసు బుడగలతో పైకి తేలి, పులుపు గొంతులోకి ఎక్కకుండా మూత వేస్తుంది. వాదన ఓడిపోవడం వేరు, సగం నిజం చేతిలో ఓడిపోవడం వేరు.

ఆయన విజయవాడ చేరేసరికి మా ఆవిడ ఉద్యోగం ఏమిటో వంశమంతా తేలిపోయింది. గుంటూరు పిన్ని, తెనాలి అత్తయ్య వరసగా ఫోన్లు. కణాలు, ఇన్సులిన్, ఎలుకలు అని ఈవిడ మొదలుపెడితే, "అవన్నీ సరేగానీ, పరగడుపునా, తిన్నాకా?" అంటున్నారు.

నిన్న పొద్దున్నే పెదనాన్న కాల్. "అమ్మాయ్, మా వాకింగ్ బ్యాచ్‌లో నలుగురికి గ్యాసు. రాగివి వద్దు, సున్నం రకమే పంపు. నీళ్లు మాత్రం మీ అత్తయ్యని పట్టనివ్వకు."