మెంబ్రేన్ సంగతి తర్వాత, ముందు దాన్ని దేంతో కడుగుతారో చెప్పండి

"నీళ్లు వడకట్టడానికి ఏ పాలిమర్ మెంబ్రేన్ (పలచటి వడపోత పొర) మంచిదండీ?" అని అడుగుతుంటారు. నీళ్లలో దేన్ని ఆపాలి, మెంబ్రేన్‌ని దేంతో కడగాలి, ఈ రెండూ చెప్పకపోతే నా దగ్గర జవాబు లేదు.

పైగా పీవీడీఎఫ్, పాలీఅమైడ్ అనే రెండు పాలిమర్లనీ పక్కపక్కన పెట్టి మార్కులేసే పట్టికలొకటి! పీవీడీఎఫ్ ఎక్కువగా అల్ట్రాఫిల్ట్రేషన్ (సన్నటి రంధ్రాల వడపోత) సరుకు. మురికినీ బాక్టీరియానీ ఆపుతుంది, కరిగిన ఉప్పు మాత్రం దర్జాగా దాటిపోతుంది. ఉప్పును ఆపేది ఆర్‌ఓలో (రివర్స్ ఆస్మాసిస్, అంటే ఒత్తిడితో నీటిని మెంబ్రేన్ దాటించే పద్ధతి) వాడే పాలీఅమైడ్. వీటికి పోటీ ఏమిటి?

ఆర్‌ఓకి దారి వేసింది సెల్యులోజ్ అసిటేట్. 1960 ప్రాంతంలో లోబ్, సౌరిరాజన్ అనే పరిశోధకులు దానితోనే పనికొచ్చే మెంబ్రేన్ చేసి చూపించారు. ఇప్పుడు పాతదని తీసిపారేస్తున్నాం. నిజమే, నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) కాస్త అటూ ఇటూ అయితే అది విడిపోతుంది, బాక్టీరియాకి మేత కూడా అవుతుంది. కానీ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా క్లోరిన్ రోజూ తగిలినా ఓర్చుకుంటుంది.

పాలీఅమైడ్‌కి ఆ ఓర్పు లేదు. పని చేసే పొర మందం సుమారు 0.2 మైక్రాన్లే. దాని కింద పాలీసల్ఫోన్, ఆ కింద పాలిస్టర్ గుడ్డ, రెండూ ఆ పొరను మోయడానికే. క్లోరిన్ ఆ పలచటి పొరలోని అమైడ్ బంధాల మీద పడుతుంది. అందుకని ముందే కార్బన్‌తోనో బైసల్ఫైట్ అనే రసాయనంతోనో క్లోరిన్ తీసేస్తాం. అది పోగానే సూక్ష్మజీవులకు పండగ! మెంబ్రేన్ మీద జిగురు పేరుకుంటుంది, దాన్ని చంపడానికి బ్లీచింగ్ వాడలేం. అంటే సరుకుని కాపాడటానికి చేసిన పనే దానికి కొత్త రోగం తెచ్చింది. నాకు టెన్షన్ పెట్టేది ఇదే, బ్రోచర్లలో కనిపించేది మాత్రం ఉప్పు ఎంత శాతం ఆపుతుందన్న అంకె.

పీవీడీఎఫ్ క్లోరిన్‌ని తట్టుకుంటుంది. ఘాటైన కాస్టిక్ సోడా పోస్తే మాత్రం రంగు మారి పెళుసవుతుంది. అదే పనికి వాడే ఇంకో పాలిమర్ పాలీఈథర్‌సల్ఫోన్‌ది తిరగేసిన కథ, కాస్టిక్‌కి జంకదు. అయితే దానికి నీళ్లంటే ఇష్టం పెంచడానికి కలిపే పీవీపీ అనే పాలిమర్‌ని బ్లీచింగ్ ద్రావణం మెల్లగా కొరికేస్తుంది.

క్లోరిన్ ఓర్పును డేటాషీట్లలో పీపీఎం-గంటల్లో రాస్తారు, అంటే క్లోరిన్ మోతాదుని (పీపీఎం, లీటరుకు మిల్లీగ్రాములు) తగిలిన గంటలతో గుణిస్తారు. 200 పీపీఎం 5 గంటలైనా, 1 పీపీఎం 1000 గంటలైనా లెక్క ఒకటేనట! అదే ద్రావణం పీహెచ్ మారితే దెబ్బ కూడా మారుతుంది. కాబట్టి నాకు డేటాషీటు పంపి "ఇది కొనొచ్చా?" అని అడిగేవాళ్లు దాంతోపాటు మీ కడుగుడు షెడ్యూలు కూడా పంపండి, పీహెచ్‌తో సహా.