నర్సమ్మ గల్లీకి బోర్డు పెట్టాలంటే

హన్మకొండలో మేం ఉండే సందును అందరూ నర్సమ్మ గల్లీ అంటారు. కొత్తగా వచ్చే డెలివరీ కుర్రాళ్లు మాత్రం ఫోన్ చేసి "నర్సమ్మ గుడి ఎక్కడన్నా?" అని అడుగుతుంటారు. ఇక్కడ గుడి లేదు. ఆ పేరుతో మనిషి కూడా ఎన్నడూ లేదు. ఉన్నది ఒక నర్సు. సర్కారు దవాఖానలో డ్యూటీ దిగి వచ్చాక సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఇంజెక్షన్లు వేసేది. చిన్న గిన్నెలో నీళ్లు మరుగుతుంటే అందులో గాజు సిరంజి టకటక కొట్టుకునేది. ఆ చప్పుడు వినగానే మేం పిల్లలం ఇంటెనక దాక్కునేవాళ్లం. పైసలు అడిగేది కాదు. ఎవరైనా సొరకాయ తెచ్చిస్తే వద్దనేది కూడా కాదు.

ఆమె పోయాక, గల్లీకి ఆ పేరు కార్పొరేషన్‌తో అధికారికంగా పెట్టించాలని కొందరం అనుకున్నాం. పక్కింటాయన వెంటనే అడిగాడు: "మళ్ల ఆధార్‌ల అడ్రస్ మార్చుకోవాల్నా?"

నవ్వొచ్చినా ఆయన భయంలో న్యాయముంది. మా ఇల్లు అంగుళం కదల్లేదు కానీ 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లాలో ఉంది, తర్వాత వరంగల్ అర్బన్‌కు వెళ్లింది, 2021 నుంచి హనుమకొండలో ఉంటోంది. ఒకే ఇంట్లో తండ్రి కాగితాల్లో ఒక జిల్లా, కొడుకు కాగితాల్లో ఇంకో జిల్లా. వీధుల పేర్లు మారిస్తే జనానికీ తపాలాకూ తికమకేనని కేంద్ర హోంశాఖ 1975లోనే చెప్పింది.

అందుకే నేను పేరు మార్చమనను, అదనంగా ఒక పేరు చేర్చమంటాను. షికాగోలో ఇలాంటి గౌరవ నామాలకు వేరే రంగు బోర్డు ఉంటుంది. అసలు వీధి పేరు ఆకుపచ్చ బోర్డు మీద, గౌరవ నామం గోధుమ రంగు బోర్డు మీద. చిరునామా మారదు. మన దగ్గర ఇది ఇంకా సులువు, ఎందుకంటే మనకు అడ్రస్ నడిచేదే డ్యాష్‌లు పెట్టిన ఇంటి నంబర్ మీద, "ఫలానా దుకాణం ఎదురుగా" అనే మాట మీద.

పెద్దలకు పెట్టిన పేర్లు ఏమయ్యాయో కూడా చూడాలి. వరంగల్‌లో జయప్రకాశ్ నారాయణ్ పేరు మీద ఉన్నది అందరి నోట జేపీఎన్ రోడ్డు. మన కాళోజీ పేరు పెట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం విద్యార్థులకు కేఎన్ఆర్‌యూహెచ్ఎస్. జయశంకర్ భూపాలపల్లి జిల్లా అని బస్సులో ఎవరూ టికెట్ అడగరు, భూపాలపల్లి అంటారు. ఇది అగౌరవమేం కాదు, నోటికి పొడుగు పేరు పడదంతే. అదే వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లు సంగతి చూడండి. 1934లో మొదలై ఎప్పుడో మూతపడింది. మిల్స్ కాలనీ పోలీస్ స్టేషన్ మాత్రం అదే పేరుతో ఉంది. జనం తమంతట తాము అలవాటు చేసుకున్న పేరు గట్టిగా నిలబడుతుంది.

కౌన్సిల్‌లో తీర్మానం కావాలి, ఏ పార్టీ కార్పొరేటర్ ఫొటో పడాలన్న తగవు ఎలాగూ వస్తుంది. దాన్ని వదిలేద్దాం. మనిషి పోయి పదేళ్లన్నా కావాలనే వాళ్లూ ఉన్నారు. గొప్ప నాయకులకైతే ఆ లెక్క సరే. మా గల్లీలో పదేళ్లు ఆగితే పెంకుటిళ్లు అపార్ట్‌మెంట్లవుతాయి, ఆమె చేతి సూది తిన్నవాళ్లు తలో దిక్కూ పోతారు. తీర్మానానికి చేయెత్తాల్సిన సాక్షులే ఉండరు.

ఇప్పుడు అసలు పేచీ బోర్డు మీద ఏం రాయాలన్నదే. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయాలని ఆమె కొడుకులు అంటున్నారు. ఆ పేరు గల్లీలో సగం మందికి తెలిసింది సంతాపం ఫ్లెక్సీ చూశాకే. నాకూ అంతే. పెద్దక్షరాల్లో నర్సమ్మ గల్లీ అని రాసి, కింద చిన్నగా అసలు పేరు, ఆమె నర్సుగా పనిచేసిన ఏళ్లు వేయిద్దామన్నాను. పెద్ద కొడుకు ఇంకా ఒప్పుకోలేదు.