అరటిపువ్వు గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ అరటిపువ్వు గారి దివ్య సముఖానికి,

కాకినాడ నుంచి మీ పెరటి యజమానురాలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ ఇక్కడ కుశలం లేదు, అక్కడ మీరే లేరు. మొన్న ఆదివారం ఆవ పెట్టిన కూరై మా చుట్టాల కడుపుల్లోకి వేంచేశారు. కాబట్టి పెరట్లో రెండో చెట్టులో, ఆకుల మధ్య ఇంకా దాక్కునే ఉన్న మీ తమ్ముడు గారు మీ తరఫున ఈ ఉత్తరం అందుకోగలరు.

ముందుగా మర్యాదలు. మిమ్మల్ని పెంచడం తేలికన్నారు, నిజమే. గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే చోట పిలక పాతితే చాలన్నారు, పాతాం. పిలక అమ్మినాయన చక్కెరకేళి అని చెప్పి బొంత అంటగట్టాడు. పోనీలే, బజ్జీలకి పనికొస్తుందని సరిపెట్టుకున్నాం. గాలివాన వచ్చినప్పుడల్లా మా ఆయన గుమ్మంలో నిలబడి సలహాలిస్తుంటే నేను తడుస్తూ వెదురుగడ పోటు పెట్టాను. వినాయక చవితి ముందు రోజు "రెండు పిలకలు ఇస్తారా అండీ, పందిరికి కట్టుకోవాలి" అంటూ వీధి వీధంతా వచ్చింది. మిగతా రోజుల్లో ఆకులు. ఆ ఆకుల్లో వడ్డించిన పులిహోర చెంచాడైనా ఇటు వచ్చిన పాపాన పోలేదు. అవేవీ మనసులో పెట్టుకోలేదు. ఓ డైరీలో రాసి పెట్టుకున్నాను, అంతే.

ఇంత సేవ చేశాక మీరు దయచేశారు. చెట్టు చెట్టు అంటాం గానీ కాండంలా కనిపించేదంతా ఆకుల తొడుగులేనట. మీరు నేల అడుగున దుంపలో పుట్టి, ఆ తొడుగుల మధ్య నుంచి నిలువునా పైకి పాకి, నడినెత్తిన బయటపడి, పడగానే తల కిందికి వేలాడేశారు. అంత దూరం ఎక్కింది కిందికి చూడటానికా? సరే, అది మీ ఇష్టం. హస్తాలన్నీ, అంటే గెలలో కాయల వరసలన్నీ, విడిచాక పువ్వు కోసేస్తే గెల బాగా ఊరుతుందని రావులపాలెం వైపు ఏ అరటి రైతునడిగినా చెబుతాడు. కోస్తే గెలకి మేలు, వండితే తినేవాళ్ళకి మేలు. మధ్యలో వలిచే మనిషి ఒకత్తి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పరు.

శనివారం సాయంత్రం మా ఆయన మిమ్మల్ని కోసుకొచ్చి, వంటింటి గట్టు మీద నిలబెట్టి, ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టారు. కింద ఒక వాక్యం: "రేపు మా ఇంట్లో అరటిపువ్వు కూర, ఆవ పెట్టి." ఎవరు పెట్టి? అది రాయలేదు. తెల్లారేసరికి మరిది కుటుంబం, ఆడపడుచు కుటుంబం బయల్దేరామని ఫోన్లు.

ఇక అసలు సంగతి. అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు అని సామెత ఉంది. అరటిపువ్వు వలిచి చేతిలో పెట్టినట్టు అని ఎందుకు లేదో ఆదివారం నాకు తెలిసొచ్చింది. డొప్ప ఎత్తితే కింద రెండు వరసల పువ్వులు. ఒక్కో పువ్వు లోపల గుండు తలతో ఒక గట్టి కాడ, పక్కనే గోరంత పల్చటి పొర. ఆ కాడని మా అత్తయ్యగారు దొంగ అంటారు. దొంగ ఉడకదు. ఎంతసేపు ఉడికించినా పంటికింద పీచులా నిలబడుతుంది. అందుకని ప్రతి పువ్వూ విప్పాలి, దొంగని పట్టాలి, పొర లాగాలి, వెంటనే పసుపు వేసిన మజ్జిగలో పడెయ్యాలి. కాస్త ఆలస్యమైతే నల్లబడి కూర్చుంటుంది. ఆ డొప్ప అయితే ఇంకో డొప్ప. దాని కింద మళ్ళీ రెండు వరసలు. చేతులకి నూనె రాసుకున్నా జిగురు వదలదు. చీర మీద చుక్క పడిందా, ఆ మరక చీర చిరిగిన రోజునే పోతుంది.

తలలన్నీ కలిపి అరచేతిలో రుద్దితే దొంగలు బయటికి తొంగి చూస్తాయని ఒక వీడియోలో చెప్పారు. నిజమే, చూస్తాయి. చూసినవాటిని మళ్ళీ ఒక్కొక్కటిగా పీకాల్సింది మనమే. ఇంకో వీడియోలో ఆవిడ "ఇప్పుడు శుభ్రం చేసి పెట్టుకున్న అరటిపువ్వు తీసుకుందాం" అంటూ నవ్వుతూ గిన్నె చూపించింది. తల్లీ, ఆ శుభ్రం చేసింది ఎవరు? ఆమెని చూపించు, ఆమె వీడియో చూస్తాం.

వలుస్తూ వలుస్తూ ఒక సంగతి గుర్తొచ్చింది. కాయ కట్టే ఆడపువ్వులన్నీ పైన హస్తాల్లోనే అయిపోతాయి. కింద గంటలా వేలాడే మీలో డొప్ప చాటున చల్లగా పడుకున్నవన్నీ మగపువ్వులు. కాయ కాయవు, పండు పండవు. వాటికి మాత్రం ఒక్కొక్కదానికీ విడివిడిగా చాకిరీ చెయ్యాలి. తల ఎత్తి హాల్లోకి చూశాను. మా ఆయన, మరిది, ఆడపడుచు భర్త క్రికెట్ చూస్తున్నారు. "ఇంకా ఎంతసేపు? వాసనే రావట్లేదు" అని ఒక కేక. నేనేమీ అనలేదు. మళ్ళీ తల దించుకుని మీ పువ్వుల వైపు చూశాను. ఇక్కడా అదే, అక్కడా అదే.

మా అత్తయ్యగారు పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడకి చూపు ఆనదు. "మా రోజుల్లో నలుగురు తోడికోడళ్ళం చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వలిచేవాళ్ళం, తెలిసేదే కాదు" అన్నారు. అదీ మర్మం. నలుగురు ఆడవాళ్ళ పనిని ఒకత్తి నెత్తిన పెట్టి, రుచి మాత్రం ఆ రోజుల్లోలాగే ఉండాలంటున్నారు. నా తోడికోడలు సాయం చేసేదే, పాపం. చంటిపిల్లతో వచ్చింది.

తిరుచిరాపల్లిలో 1993 నుంచి అరటికి జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. మనకి దగ్గర్లో కొవ్వూరులోనూ పరిశోధన స్థానం ఉంది. అయ్యా శాస్త్రవేత్తలూ, తెగుళ్ళ సంగతి తర్వాత చూద్దురు గాని, దొంగ లేని పువ్వు ఒకటి కనిపెట్టండి. కనిపెట్టినవారికి మా గెల మొత్తం.

వలవడం అయ్యాక తరగడం, ఉడికించడం, పిండడం, చింతపండు పులుసు, పోపు. ఆవపిండి పొయ్యి దించాకే కలపాలి, లేకపోతే చేదెక్కుతుంది. బుట్టెడు డొప్పలు బయటికి వెళ్ళాయి, బాణలి అడుగున కాసింత కూర మిగిలింది. వడ్డించాను. "ఇంతేనా?" అన్నారు ఆడపడుచు భర్త. పోనీ. "ఆవ కాస్త ఘాటైందేమో" అన్నారు మా ఆయన. పోనీ. అప్పుడు మా మరిది తినడం ఆపి, నోట్లోంచి ఏదో తీసి, వేళ్ళ మధ్య పట్టుకుని, దీపానికి ఎదురుగా పెట్టి చూశాడు. "వదినా, ఒకటి మిగిలిపోయినట్టుంది" అని కంచం అంచున పెట్టాడు.

ఒకటి!

ఇక మీరు లేదు, గారు లేదు. ఏం పువ్వువే నువ్వు? పొద్దున్నించీ అన్నిటినీ పట్టి పీకితే ఒక్క దొంగని దాచి, సరిగ్గా అతని కంచంలోకే పంపుతావా? పీకినవి గుట్టగా చెత్తబుట్టలో పడున్నాయి, వాటి వంక చూసినవాడు లేడు. పీకనిది ఒక్కటి కంచం అంచున దర్జాగా కూర్చుంటే ఇంటిల్లిపాదీ వంగి వంగి చూశారు! మా ఆయన అయితే "పర్లేదులే, ఒకటేగా" అని నన్ను క్షమించేశారు కూడా. క్షమించడానికి నువ్వెవరివయ్యా? ఒక్క డొప్ప ఎత్తావా?

అయినా ఒక మాట దాచకూడదు. అందరూ వెళ్ళాక బాణలిలో అంటుకున్న కూరలో వేడన్నం వేసి, పప్పునూనె చుక్క వేసి కలుపుకుని తిన్నాను. ఆ ఘాటు ముక్కుకి ఎక్కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీ మీద కోపం సగం అక్కడే పోయింది. పాపిష్టిదానా, ఎంత బాగున్నావో! మిగతా సగం నీ మీద కాదని అప్పుడే అర్థమైంది.

ఇక తమ్ముడు గారూ, మీకు. మీరు నిదానంగా రండి, హస్తాలన్నీ విడవండి. మిమ్మల్ని నేనే కోస్తాను, వలవను. డొప్పలతో సహా సంచీలో పెట్టి, మజ్జిగ సీసా, ఆవపిండి పొట్లం జత చేసి మా మరిది ఇంటికి పంపుతాను. అన్నదమ్ములిద్దరూ కూర్చుని వలుచుకోవాలని, తోడికోడలు చెయ్యి పెట్టకూడదని షరతు. కూర అయ్యాక ఒక గిన్నె నాకు పంపాలి. అందులో దొంగ ఒక్కటి కనిపించినా ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెడతాను.

ఇట్లు,
మీ పెరటి యజమానురాలు