అమ్మానాన్నల చేతిపనికి పిల్లలకు మార్కులా?

ఏడాది మధ్యమధ్యలో బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, స్టేషనరీ షాపుల ముందు థర్మాకోల్ అగ్నిపర్వతాలు, గాలిమరలు, సౌరకుటుంబాలు వరసగా వేలాడతాయి. డబ్బున్నవారు కొనేస్తారు. లేనివారి ఇళ్లలో రాత్రి అన్నాలయ్యాక అమ్మ చార్టు గీస్తుంది, నాన్న ఫెవికాల్ పట్టుకుని కూర్చుంటాడు, పిల్లాడు ఆ పక్కనే నిద్రపోతాడు. మర్నాడు ఆ వస్తువు బడికెళ్తుంది. ప్రాజెక్టు పనికి ఐదుకు ఐదు మార్కులు పడతాయి. అది ఎవరు చేశారో టీచరుకు తెలుసు, హెడ్మాస్టరుకు తెలుసు, రికార్డులు తిరగేసే మండల విద్యాధికారి(ఎంఈవో)కి తెలుసు. అందరికంటే బాగా ఆ పిల్లాడికి తెలుసు.

ఈ పత్రిక ఆందోళన అంతా ఆ చివరి మాట దగ్గరే. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు మన బళ్లు అబద్ధం చెప్పడం నేర్పుతున్నాయి. చెయ్యని పనికి కింద పేరు రాసుకోవచ్చని, పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకుంటారని, పైగా మార్కులు కూడా వేస్తారని ఆ వయసులోనే వంటబట్టిస్తున్నాయి. రేపు వీళ్లే పరీక్షలో చీటీ పెడితే, ఉద్యోగానికి దొంగ సర్టిఫికెట్ తెస్తే నివ్వెరపోయే హక్కు మనకెక్కడిది?

ఏడాది పొడవునా పిల్లల పని చూస్తూ మార్కులు వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు ఉద్దేశం మంచిదే. బట్టీ తగ్గాలి, పిల్లలు చేతులతో పని చేస్తూ నేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా చదువు కృత్యాలతో, అన్వేషణతో సాగాలనే చెబుతోంది. కానీ అమలు లెక్క చూడండి. ఆరు, ఏడు తరగతుల్లో ఆరు సబ్జెక్టులు. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు. సబ్జెక్టుకొకటి చొప్పున ఒక్కో పిల్లాడు ఏడాదిలో 24 ప్రాజెక్టులు చెయ్యాలి. తరగతిలో నలభై మంది ఉంటే వెయ్యికి దగ్గర. ఇన్ని ప్రాజెక్టులు పిల్లలు నిజంగా చేశారని, టీచర్లు నిజంగా చూశారని నమ్మేవారు విద్యాశాఖలో ఒక్కరైనా ఉన్నారా? అసాధ్యమైన లెక్క పైనుంచి వచ్చింది కాబట్టి కింద అబద్ధంతో పూడుస్తున్నారు.

విచిత్రం ఏమిటంటే, మన పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర ఇచ్చే ప్రాజెక్టు పనులకు థర్మాకోల్ అక్కర్లేదు. ఊళ్లో పెద్దవాళ్లనడిగి సామెతలు, జానపద గేయాలు సేకరించి రాయమంటారు. పంచాయతీ ఆఫీసుకెళ్లి అక్కడేం జరుగుతుందో తెలుసుకోమంటారు. బడి ఆవరణను టేపుతో కొలిచి స్కేలు ప్రకారం పటం గీయడానికి, కోసిన సీసాలో వాన నీరు పట్టి రోజూ ఎంత పడిందో నెలంతా రాయడానికి రూపాయి ఖర్చు లేదు. సీసా పక్కకు ఒరిగి లెక్క తప్పితే ఎందుకు తప్పిందో పిల్లలే కనిపెడతారు. అసలు చదువు ఆ తప్పులోనే ఉంది. షాపులో కొన్న గాలిమర ఎన్నడూ తప్పదు, అందుకే దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. సొంతంగా చేసిన పిల్లల వంకర బొమ్మ ఆ మెరిసే సరుకు పక్కన వెలవెలబోతుంది. దానికి మూడు మార్కులు, కొన్నదానికి ఐదు. నిజాయితీగా చేసిన పిల్లకు మనం వేస్తున్న జరిమానా ఇది. అమ్మానాన్నలు పొద్దున్నే కూలికి పోయే ఇళ్ల పిల్లలే ఈ జరిమానా ఎక్కువగా కడుతున్నారు.

సిలబస్ ఒత్తిడి, బోధనేతర పనుల నడుమ టీచర్లకు తీరిక లేదన్నది నిజమే. పిల్లలకు ఇంట్లో కాస్త సాయం చేస్తే తప్పేంటన్న తల్లిదండ్రుల మాటా కొట్టిపారేసేది కాదు. అయితే కత్తెర పట్టుకోవడం నేర్పితే అది సాయం. పిల్లను పడుకోబెట్టి మొత్తం తామే చేసి పంపితే అది మోసంలో వాటా.

ఈ మోసం మరో ప్రమాదాన్ని కూడా తెస్తోంది. కొన్ని బళ్లు మార్కులు ఇష్టారాజ్యంగా వేస్తున్నాయన్న ఫిర్యాదులతో ఆంధ్రప్రదేశ్ 2019లో పదో తరగతిలో బళ్లే వేసే 20 ఇంటర్నల్ మార్కులను రద్దు చేసింది. తెలంగాణ 2024 నవంబరులో అదే పని చెయ్యబోయి, విద్యాసంవత్సరం మధ్యలో ఇదేమిటన్న అభ్యంతరాలు రావడంతో వెనక్కి తగ్గింది. దొంగ మార్కులు వేసింది పెద్దలు, పోయింది మాత్రం పిల్లల చేతిలోని పని. ఆరు నుంచి ఎనిమిది తరగతులకూ ఇదే గతి పట్టదని ఎవరు హామీ ఇస్తారు? అబద్ధపు రికార్డులు ఇలాగే పేరుకుపోతే, 'ప్రాజెక్టులన్నీ బూటకం, అంతా రాత పరీక్షే పెట్టండి' అన్న వాదనకు రేపు ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరుండదు.

బ్యాగు లేని రోజుల విషయంలోనూ మాకు అదే భయం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాలు పక్కనపెట్టి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మనకు మనుషుల కొరత లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగు ఎక్కించి బొమ్మలు చేసేవారున్నారు. చేర్యాలలో చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి మాస్కులు చేసేవారున్నారు. కొండపల్లి, నిర్మల్ బొమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక ఫొటో తీసి, దాన్ని అప్‌లోడ్ చేసి చేతులు దులుపుకుంటే అది కూడా మరో అబద్ధం. వందమందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత బడిలో చిత్రకళకు, పని విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. వాళ్లను చాలీచాలని గౌరవ వేతనంతో ఏళ్ల తరబడి వేలాడదీసి సృజనాత్మకత గురించి ఉపన్యాసాలివ్వడం ప్రభుత్వాలకు తగదు.

చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. 24 ప్రాజెక్టుల తతంగం ఆపి, ఏడాదికి రెండో మూడో పెట్టండి. వాటిని తరగతి గదిలోనే, బడి ఇచ్చే సామగ్రితో, టీచరు కళ్లెదుట చేయించండి. ఇంటినుంచి తెచ్చిన మోడల్‌కు మార్కు లేదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ గ్రూపులో 'రేపు ప్రాజెక్టు తేవాలి' అని మెసేజ్ పెట్టే యాజమాన్యాలకు నోటీసులివ్వండి. ఇక టీచర్లు: కొన్న బొమ్మ అని తెలిసి కూడా దాని కింద ఎర్ర సిరాతో ఐదు వేసినప్పుడు, మీరు సంతకం పెడుతున్నది ఒక పిల్లాడి మొదటి అబద్ధం మీద. తల్లిదండ్రులు: మార్కులు పోతాయన్న టెన్షన్‌తో రాత్రి ఆ చార్టు గీస్తున్నది మీరే. వచ్చే ఫార్మేటివ్‌కు మీ పిల్లను వంకరగానే గియ్యనివ్వండి, ఆ కాగితాన్నే బడికి పంపండి.