ఆకు అడుగున ఉన్న నాకాకు అర్జీ

శ్రీయుత పత్రరంధ్రం గారికి,

పత్తి ఆకు, మిరపాకు, మామిడాకు అడుగున, ఆవిరి పోయే సన్న బొక్కల తీరుగ నాకా (సుంకం గేటు) పెట్టి మకాం చేసిన తమరికి మహారాష్ట్రల ఉన్న సిరొంచ తాలూకా నల్లరేగళ్ల తరఫున దండాలు.

తమరి పేరు రెండు తీర్ల రాస్తున్నందుకు ముందుగాల మన్నించాలె. మా పిల్లలు బడిలో మరాఠీలో ‘పర్ణరంధ్రే’ అని రాస్తరు. గోదారి దాటి కాళేశ్వరం దిక్కు పోతే ‘పత్రరంధ్రం’ అంటరు. ఒడ్డు మారితే పేరు మారింది గానీ నీళ్ల వసూలు మారలేదు. వేరు పీల్చిన ప్రతి 100 లీటర్లలో 97 నుంచి 99 దాకా ఆకు మీదుగా ఆవిరై పోతున్నయి. అందులో పెద్ద వాటా తమరి గేటుదే. మిగిలింది ఒకటి నుంచి మూడు లీటర్లు, అదే మొక్క ఒంటికి పట్టేది. వేరే నాకాల మీద లారీ ఆపి చిల్లర గుంజుతరు. లారీకి లారీనే మింగే నాకా తమరిదొక్కటే.

పైగా తమరి జాగ ఎంత? గేట్లన్నీ బార్లా తెరిచినా ఆకు విస్తీర్ణంలో నూటికి ఒకటి రెండు పాళ్లు. ఆవిరి రంధ్రం అంచుల దగ్గర తొందరగా జారుకుంటది గనుక ఒక్క పెద్ద బొక్క కన్నా, అంతే జాగాలో వేల చిన్న బొక్కలు ఎక్కువ నీళ్లు పోగొడతయి. ఈ కిటుకు తమరికి ఎవరు చెప్పిన్రో!

గేటుకు ఇద్దరు కావలివాళ్లు, రక్షక కణాలు. పత్తిలో చిక్కుడు గింజల తీరుగ ఉంటరు, వరిలో డంబెల్ తీరుగ. పొద్దు పొడవంగనే పొటాషియం వాళ్ల కడుపుల చేరుతది, దాని ఎంబడి నీళ్లు చేరుతయి, ఇద్దరూ ఉబ్బుతరు. చిక్కుడు గింజోళ్లకు లోపలి గోడ మందం, బయటి గోడ పలుచన. అందుకే ఉబ్బంగనే బయటికి వంగి నడుమ సందు పడుతది. నేల ఎండితే అబ్సిసిక్ ఆమ్లం అనే మొక్క హార్మోను హుకుం తెస్తది. పొటాషియం బయటపడుతది, నీళ్లు దిగుతయి, గేటు మూత. ఇంత పకడ్బందీ బందోబస్తు పెట్టుకొని కూడా మే నెలల మా నీళ్లకు కాపలా కాయలేకపోవుడేంది?

తమరి జవాబు మాకు తెలుసు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేలకు నాలుగు పాళ్లే. దాన్ని లోపలికి పిలవాలంటే తలుపు తెరవాలె, తెరిస్తే తడి తడిగున్న లోపలి గది ఆరిపోతది. పత్తి, మిరప లాంటి పంట ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును పట్టేసరికి నాలుగైదు వందల నీటి అణువులు పోతయి. సరే. ఆవిరి ఆకును చల్లబరుస్తది, అదీ ఒప్పుకుంటం. మోటరు లేకుండ కొన ఆకు దాకా నీటిదారాన్ని గుంజేది తమరేనని డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు 1894లోనే చెప్పిన్రు. కాల్షియం కూడా ఆ దారం పట్టుకొనే ఎక్కుతది. కాయ నుంచి ఆవిరి పోయేది తక్కువ, అందుకే కాయకు చేరే కాల్షియమూ తక్కువే. మిరపకాయ కొన నల్లబడి కుళ్లేందుకు ఒక కారణం ఆ కొరతే.

ఇక గాలి దాహం లెక్క. వానకాలం 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలి ఆకు నుంచి ఆవిరిని గుంజుడు 1.3 కిలోపాస్కల్ (ఒత్తిడి కొలత). మే నెలల 42 డిగ్రీలు, 20 శాతం తేమ అయితే 6.5. అయిదింతలన్నట్టు. మా అడవుల టేకు తెలివిగల్లది. ఎండలు ముదరకముందే ఆకులు రాల్చి నాకాలే ఎత్తేస్తది.

తమరి మీద సాక్ష్యం కావాలన్నా ఉంది. వడపోత కాగితాన్ని 100 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ కలిపిన ద్రావణంలో ముంచి బాగ ఆరబెడితే నీలం రంగు తిరుగుతది. మామిడాకు పైన ఒక ముక్క, కింద ఒక ముక్క పెట్టి, గాజు పలకల నడుమ క్లిప్పులతో బిగించాలె. పట్టకారుతోనే పట్టాలె. వేలి చెమట తగిలినా గులాబీ రంగై సాక్ష్యం చెడుతది. అది విషం గనుక చేతులు కడుక్కోవాలె. కింది ముక్క ముందు గులాబీ అయితది, పైది చాలాసేపు నీలంగనే ఉంటది. దొరికిపోయిన్రు!

అసలు ఫిర్యాదు ఇప్పుడు. పత్తి కాయ పట్టినంక పది పదిహేను రోజులు వాన మొఖం చాటేస్తది, తర్వాత ఒక్కసారి దంచుతది. రేగడి నీటితో బిగుసుకుంటది, వేరుకు ఊపిరాడక నీళ్లు ఎక్కయి. పైన ఎండ కాయంగనే తమరేమో గేటు తెరిచే కూసుంటరు. కొన్ని గంటల్లో నిగనిగలాడే చెట్టు తలవంచుతది. మరాఠోళ్లు దీన్ని ‘ఆకస్మిక్ మర్’ అంటరు, దుకాణపోళ్లు పారావిల్ట్ అంటరు. వాడింది కదా అని మళ్ల నీళ్లు కట్టిన్రో, చెట్టు పని ఖతం. కాండం చీల్చి చూడాలె. లోపల గోధుమ రంగు చారలుంటే అది ఎండు తెగులు, తెల్లగుంటే ఇదే. ముందు నిలిచిన నీళ్లు తీయాలె. తీసినంక 10 లీటర్ల నీళ్లల్లో 25 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 200 గ్రాముల యూరియా కలిపి చెట్టు మొదట్ల పావు లీటరు పోసి మట్టి కాలితో తొక్కాలె. లేకుంటే కోబాల్ట్ క్లోరైడ్, లీటరుకు 10 మిల్లీగ్రాములు, చెట్టు వాడిపోయిన రోజే పిచికారీ. ఆలస్యమైతే పనికిరాదు. తమరిని పట్టించిన మందే చెట్టును నిలబెడుతదన్నట్టు.

మధ్యాహ్నం వాలి పొద్దుమూకంగ లేచే ఆకుల గురించి మాకు గొడవ లేదు. పొద్దుగాల కూడా లేవకుంటేనే మోటరు వేస్తం. మిరపనారు మాత్రం ఇకనుంచి సాయంత్రమే నాటుతం. పీకంగ తెగిన మూలకేశాలు కోలుకునేందుకు, తమరి గేటు మూసుండే ఒక రాత్రి దొరుకుతది.

ఇట్లు,
ప్రాణహిత ఒడ్డు పత్తి, మిరప చేన్లు

తా.క.: తెల్లారుజామున వరి ఆకు కొసన నిలిచే నీటిబొట్లు కూడా కొందరు తమరి ఖాతాలనే రాసిన్రు. అవి ఆకు కొసనున్న వేరే రంధ్రాల నుంచి, నీళ్లు నీళ్లుగానే, వేరు తోసిన తోపుడుకు వచ్చినయి. ఆ పద్దు కొట్టేసినం.