బొంకుల దిబ్బకు ఆధారాల బెడద

సెప్టెంబరు 21 దగ్గర పడుతోందంటే విజయనగరంలో నాలాంటివాళ్లకు చేతినిండా పని. గురజాడ జయంతి వ్యాసరచన పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నేను దిద్దిన వ్యాసాలను కట్టలు కట్టి ఒకదాని మీద ఒకటి పేర్చితే గంటస్తంభంలో సగం ఎత్తయినా వస్తాయి. (ఈ మాటకు ఆధారం అడగకండి. ఈ వ్యాసం రాయవలసి వచ్చిందే అందుకు.) ఆ అనుభవంతో హెచ్చరిస్తున్నాను. మా పట్టణ సాహిత్య వాతావరణానికి పెద్ద ప్రమాదం ముంచుకొస్తోంది. పిల్లలు తాము రాసిన మాటకు ఆధారం చూపించడం మొదలుపెట్టారు.

మా కాలంలో వ్యాసానికి ఒక మర్యాద ఉండేది. ఉపోద్ఘాతంలో గురజాడ యుగకర్త. ముగింపులోనూ యుగకర్తే. నడుమ ఉండే మూడు నాలుగు పేరాలకు ఒకటే బాధ్యత: మొదట్లో యుగకర్త అయిన మనిషి చివరిదాకా ఆ పదవి ఊడకుండా చేరేటట్టు చూడటం. అందుకు కావలసిన సరుకంతా సిద్ధంగా దొరికేది. 'ఆయన కలం నుంచి జాలువారిన ఆణిముత్యం', 'నభూతో నభవిష్యతి', 'ఈ పాత్రను తీర్చిదిద్దిన తీరు వర్ణనాతీతం'. వర్ణనాతీతం అని రాసినవాణ్ని పట్టుకుని కాస్త వర్ణించు నాయనా అని అడిగే కఠినాత్ముడు ఎవరుంటారు? పేరా అక్కడితో క్షేమంగా ఒడ్డు చేరేది.

పొదుపు సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి పేరా ఒక్కటి కంఠస్థం చేస్తే ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికీ, మూడు వారాలు గడిచాక గురజాడ జయంతికీ పనికొస్తుంది. పేరు మార్చితే చాలు. ఒక ఏడాది ఒక కుర్రవాడు తొందరలో సగమే మార్చి, గురజాడ 'కన్యాశుల్కం' నాటకంలోని మధురవాణిని గిడుగువారి ఖాతాలో జమ చేశాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలం చదివాం. ముగ్గురం మార్కులు వేశాం. రెండో బహుమతి ఇచ్చాం. పేరా అంత పటిష్ఠమైనదన్న మాట, కింద ఉన్న మనిషిని లాగేసినా చెక్కు చెదరలేదు.

కథను మొదటి నుంచీ చెప్పుకుపోయి పాత్ర విశ్లేషణ అయిపోయిందనేవాళ్లు ఉన్నారు. 1955 నాటి సినిమా చూసి నాటకం మీద రాసేవాళ్లు ఉన్నారు. ఆ వ్యాసాల్లో గిరీశానికి ఎన్టీ రామారావు ముఖం ఉంటుంది, నాకు అభ్యంతరం లేదు. ఇక 'దేశమంటే మట్టికాదోయ్' అన్న పాదం లేని వ్యాసం నేను చూసి ఎరగను. స్త్రీ పాత్రల మీద రాసినా, హాస్యం మీద రాసినా, భాష మీద రాసినా మూడో పేరా మధ్యలో అది వచ్చి కూర్చుంటుంది, పెళ్లికి పిలవకుండానే వచ్చి అన్ని పంక్తుల్లోనూ కనిపించే చుట్టంలాగా. ఎందుకు వచ్చిందని దాన్ని ఎవరూ అడగరు. అడగకపోవడమే సంస్కారం.

ఇంత సుఖంగా సాగుతున్న సంప్రదాయంలోకి నిరుడు ఒక అమ్మాయి వచ్చింది. గజపతినగరం నుంచి రోజూ బస్సులో వచ్చి డిగ్రీ చదువుకుంటుంది. విషయం 'కన్యాశుల్కంలో గిరీశం పాత్ర'. నేనైతే 'గిరీశం వంటి పాత్ర ప్రపంచ సాహిత్యంలోనే లేదు' అని మొదలుపెట్టేవాణ్ని. ప్రపంచ సాహిత్యం నేనేమీ చదవలేదు కాబట్టి ఆ మాట ధైర్యంగా అనగలను. ఈ అమ్మాయి మొదటి వాక్యం చూడండి: 'గిరీశం అమ్మేది చదువు కాదు, చదువుకున్నట్టు కనిపించడం.'

సరే, అన్నావు. ఇక ముందుకు పోవాలి కదా! పోలేదు. మొదటి అంకంలో వెంకటేశం గిరీశాన్ని నిలదీసే చోటికి వెళ్లి ఆగింది. మీ దగ్గర చేరి నేను నేర్చుకున్నది చుట్ట కాల్చడం ఒక్కటే, పాఠం ఒక్క ముక్కయినా చెప్పారా అని కుర్రవాడు దెప్పుతాడు. గిరీశానికి కోపం వస్తుంది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు విసిరి, 'నాతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్' అంటాడు. ఇక్కడ పద్ధతి తెలిసిన విద్యార్థి అయితే 'ఆహా, ఎంతటి హాస్యం!' అని నిట్టూర్చి తరువాతి పేరాలోకి దిగుతాడు. ఈమె దిగదే! వెంకటేశం అడిగింది పాఠం గురించి, వచ్చిన జవాబు పాఠం గురించి కాదు అంటుంది. గిరీశం నేరాన్ని కాదనలేదు, పాఠం అన్న మాటకు అర్థమే మార్చేశాడు అంటుంది. 'చదువు' అని ఉంటే ఏది, ఎక్కడ అని కుర్రవాడు అడగగలడు. 'ఎడ్యుకేషన్' అనేసరికి అడగడానికి వాడికి నోరు లేదు, కాబట్టి బాకీ పడ్డ పాఠాలన్నిటికీ ఆ ఒక్క ఇంగ్లీషు మాటే చెల్లు అయిపోయింది అంటుంది. చివరికి తిరిగి తిరిగి మొదటి వాక్యం దగ్గరికే వచ్చింది. నాలుగు మాటల మీద తొమ్మిది వాక్యాలు. యుగకర్త అన్న పదం ఒక్కసారి కూడా లేదు.

రెండో పేరా మరీ ఘోరం. గిరీశానికి ఎదురు నిలిచే మనిషిగా మధురవాణిని తెచ్చి, 1897లో అచ్చయిన నాటకాన్నీ, గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 కూర్పునూ పక్కపక్కన పెట్టింది. మొదటి దానిలో మధురవాణికి దక్కిన చోటు చిన్నది, రెండో దానిలో ఆమె నాటకాన్నే నడిపిస్తుంది, కాబట్టి ఈ పాత్ర పన్నెండేళ్లలో రచయిత చేతిలో పెరిగింది అని తేల్చింది. నభూతో నభవిష్యతి అని పెద్దలు ముద్ర వేశాక మళ్లీ పెరగడమేమిటి? ఒకే నాటకాన్ని రెండుసార్లు చదివితే ఇలాంటి అనర్థాలే జరుగుతాయి.

మార్కుల కాగితం మీద 'ఆధారాలు ఎక్కువ, ఆవేశం తక్కువ' అని రాసి ప్రోత్సాహక బహుమతికి సిఫారసు చేశాను. మరునాడు ఆ అమ్మాయి మా ఇంటికే వచ్చింది. గొడవకు కాదు, ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికట. మజ్జిగ ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, ఊరివాళ్లకు అర్థమయ్యే పోలికతో చెప్పాను.

"అమ్మా, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూశావు కదా. పూజారిగారు ఎక్కడ కూర్చుంటారు? మాను కొసన, ఆకాశంలో. వ్యాసంలో మాట కూడా అలా పైన ఉండాలి. జనం తలెత్తి దణ్ణం పెట్టాలి. నువ్వేమో మాటను నేల మీద నడిపిస్తున్నావు."

"చూశాను మాస్టారూ," అంది. "మాను ఎక్కడుందో అమ్మవారు పూజారిగారికి కలలో చెబుతుందంటారు. అయినా ఊరంతా వెళ్లి ఆ చింతమానును వెతికి తెచ్చి, చెక్కించి, బండికి బిగించి కట్టాకే ఆయన ఎక్కుతారు. కల మీద ఎక్కరు కదండీ."

ఈ కాలం పిల్లలకు పోలిక ఇస్తే దానికి కూడా ఆధారాలు తీస్తారు. నేను దారి మార్చాను. గురజాడ అంతటివాడు ఇలా లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాడా, హృదయంలో నుంచి రాశాడు గాని, అన్నాను. అప్పుడు సంచిలోంచి పుస్తకం తీసి మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసుకున్న పీఠిక తెరిచింది. ఆ పీఠికను ఇరవై ఏళ్లుగా నేను గౌరవంగా దాటుకుంటూ వస్తున్నాను.

కూర్చున్నాడు. లెక్కలే కట్టుకుంటూ కూర్చున్నాడు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాలకు, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లకు, విజయనగరం మహారాజు జాబితా తయారు చేయించాడట. లెక్కకు వచ్చినవి 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు.

ముగ్గురి దగ్గర నా వేలు కాసేపు ఆగిపోయింది. మజ్జిగ గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు. తరువాత తేరుకుని న్యాయనిర్ణేతగానే ఆలోచించాను. 'కన్యాశుల్కం అత్యంత హేయమైన దురాచారం' అని ఒక్క మాట రాస్తే సరిపోయే చోట ఇంత పెద్దమనిషి ఊరూరి లెక్క ఎందుకు పెట్టినట్టు? యుగకర్త మాటకు ఎదురు చెప్పేదెవరు? అప్పటికి ఆయన యుగకర్త కాలేదు కాబట్టి పాపం ఆధారాల మీద బతకవలసి వచ్చిందని సర్దిచెప్పుకున్నాను.

అయినా మా తప్పేముంది? ఆ పుస్తకంలో ముందు పీఠిక ఉంది, లెక్కలతో. తరువాత నాటకం ఉంది, అది మొదలయ్యేది మా ఊరి బొంకుల దిబ్బ మీద, అక్కడ నిలబడి మాట్లాడేది గిరీశం. ఎవరి పద్ధతిలో రాయాలో గురజాడ చెప్పలేదు. మేము పీఠిక వదిలేసి తిన్నగా దిబ్బ ఎక్కాం. తరతరాలుగా దాని మీద నుంచే ఆయన్ని పొగుడుతున్నాం. నాతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అన్నవాడు మాత్రం ఆధారం చూపించాడా? అయినా ఊరంతా గిరీశం మాటలే అప్పజెబుతుంది, పీఠిక ఒక్కరికీ కంఠస్థం రాదు.

ఈ సంవత్సరం నిర్వాహకులకు నేను రాతపూర్వకంగా సూచించాను: పోటీ గదిలోకి మూలగ్రంథం తేనివ్వకూడదు, ఒక ఉదాహరణ మీద రెండు వాక్యాలకు మించి నిలబడిన పేరాకు మార్కులు కోయాలి, 'ఉదాహరణకు' అన్న మాట వాడితే ముందుగా అనుమతి తీసుకోవాలి. నా సూచనలు పరిశీలనలో ఉన్నాయి.

ఇంతలో నిరుటి యోగ్యతాపత్రాలు అచ్చయి వచ్చాయి. ఖర్చు కలిసివస్తుందని అందరికీ ఒకే పాఠం అచ్చు వేయించాం, నేనే రాసిచ్చాను. ఆ అమ్మాయి తనది తీసుకుని అక్కడే నిలబడి పూర్తిగా చదివింది. ఇన్నేళ్లలో యోగ్యతాపత్రాన్ని చదివిన మనిషిని చూడటం అదే మొదలు. తరువాత నా దగ్గరికి వచ్చి, ఒక చోట వేలు పెట్టి, ఎంతో వినయంగా అడిగింది.

"మాస్టారూ, 'అసమాన ప్రతిభ కనబరచినందుకు' అని రాశారు. అసమానం అయితే నాకు నాలుగో స్థానం ఎలా వచ్చిందండీ?"