ఓడ వెళ్లని ఏడాది

హైదరాబాదుకు సముద్రమే లేదు కదా, సముద్ర సమాచార కేంద్రం ఇక్కడెందుకని ప్రగతినగర్ వైపు మొదటిసారి వెళ్లినవారు నవ్వుతూ అడుగుతుంటారు. జవాబు సులువే. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రానికి, అంటే మనం ఇన్‌కాయిస్ అని పిలుచుకునే సంస్థకు, కావలసింది కెరటాల పక్కన కూర్చోవడం కాదు, వాటి లెక్కలు సకాలంలో చేతికందడం. అసలు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఆ లెక్కలు పంపే బోయాల దగ్గరికి, అంటే సముద్రంలో తేలుతూ కొలతలు తీసే పరికరాల దగ్గరికి, ఓడ చివరిసారి ఎప్పుడు వెళ్లింది? మళ్లీ వెళ్లే తేదీ ఖాయమైందా?

తీరానికి వందల కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ లంగరు వేసి నిలిపిన పసుపుపచ్చ బోయాల గురించి, తుపాను వార్తలు చదివే అలవాటున్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పైన గాలి, పీడనం, తేమ, ఎండ, వాన. కింద 500 మీటర్ల లోతు వరకు నీటి వేడి, ఉప్పదనం కొలిచి, ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరవేయడం వాటి పని. వాటిని దింపడం, బాగుచేయడం చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బాధ్యత. నేను చెప్పదలచింది ఒక్కటే: బోయాలను ఆస్తిగా, వాటి కోసం వెళ్లే ఓడ యాత్రను పైఖర్చుగా చూసే అలవాటు పోవాలి. ముందు ఓడ రోజులు ఖాయం కావాలి, ఆ తరువాతే ఎన్ని బోయాలన్న మాట రావాలి.

ఒక బోయాను మార్చడం ఎలాంటి పనో చూస్తే ఈ పట్టుదలకు కారణం తెలుస్తుంది. చెన్నై రేవు నుంచి ఉత్తర బంగాళాఖాతం నడిమధ్యకు సుమారు 600 నాటికల్ మైళ్లు. గంటకు 10 నాటికల్ మైళ్లు పోయే ఓడకు అది రెండున్నర రోజుల దారి. అక్కడికి చేరాక ఓడ నుంచి నీళ్లలోకి ధ్వని సంకేతం పంపితే, రెండు మూడు కిలోమీటర్ల అడుగున తాడుకూ లంగరుకూ నడుమ ఉన్న కొక్కెం విడిపోయి, టన్నుల బరువున్న లంగరు అక్కడే ఉండిపోతుంది, తాడు పైకి తేలుతుంది. సరంగు కేకలకు అనుగుణంగా కళాసీలు బోయాను డెక్కు మీదికి ఎత్తించి, కిలోమీటర్ల తాడును వించి అనే చుట్టుడు యంత్రం మీదికి చుట్టిస్తూ, దానికి వరుసగా బిగించిన పరికరాలను ఒక్కొక్కటే విప్పుతారు. ఏడాదిలో పేరుకున్న నాచునూ గుల్లలనూ గీకి, ఆ పరికరాలను ప్రయోగశాలలో మళ్లీ పరీక్షిస్తే గానీ, అవి పంపిన అంకెలలో రానురాను ఎంత తేడా చేరిందో తేలదు. అంటే యాత్ర తప్పిన ఏడాది, ముందు రావలసిన లెక్కలు ఆగిపోవడమే కాక, అప్పటికే చేతికొచ్చిన లెక్కలు కూడా అనుమానంలో పడతాయి. ఇక కొత్త బోయాను దింపాలంటే, ముందు ఆ చోట లోతును ధ్వని పరికరంతో కొలవాలి, తాడు పొడవు ఆ లోతుకు కుదరాలి, బోయాను నీటిలో వదిలి ఓడ మెల్లగా ముందుకు సాగుతుండగా తాడంతా వదిలి, చిట్టచివర లంగరును జారవిడవాలి. ఇందులో ఏ ఒక్క మెట్టునూ హైదరాబాదులోని కంప్యూటరు ముందు కూర్చుని పూర్తి చేయలేము.

ఇంత పనికీ పగటి వెలుతురు, నెమ్మదించిన సముద్రం కావాలి. నైరుతి రుతుపవనాల కెరటాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా డెక్కు మీద నిలబడనివ్వవు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం, ఏప్రిల్ చివర, మే నెలల్లో మరో విడత తుపాన్ల భయం. కాబట్టి బంగాళాఖాతంలో నిశ్చింతగా పనిచేయడానికి మిగిలేది, మన లెక్కలో చెప్పాలంటే, సంక్రాంతికీ ఉగాదికీ నడుమనున్న రోజులు. విచిత్రమేమిటంటే ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, మార్చి 31న, ముగుస్తుంది. పాత నిధులకు గడువు తీరి, కొత్త నిధులు కదిలేసరికి సముద్రం మళ్లీ మూతపడుతుంది. దీనికితోడు సాగర్ నిధి వంటి పెద్ద ఓడ మీద ఆశ పెట్టుకున్నవారు ఎందరో ఉంటారు. సముద్రయాన్ జలాంతర వాహనానికీ అదే ఆధారం. మనుషులను సముద్రగర్భంలోకి పంపే పథకానికి కెమెరాలు ఎదురొస్తాయి, బోయాకు బ్యాటరీ మార్చడానికి వెళ్లే బృందానికి రేవులో వీడ్కోలు చెప్పేవారు కూడా ఉండరు.

ఓడను తక్కువ చేసి చూస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం ఒకటి కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. 1982-83 నాటి ఎల్ నినో, అంటే పసిఫిక్ పైనీరు మామూలు కన్నా వేడెక్కే పరిణామం, బాగా ముదిరేవరకు శాస్త్రవేత్తల కంటపడలేదు. ఆ పరాభవం తరువాత 1985 నుంచి 1994 వరకు పదేళ్లు శ్రమించి పసిఫిక్ భూమధ్యరేఖ పొడవునా దాదాపు 70 బోయాల వరుసను నిలిపారు. వాటి సంరక్షణ కోసమే కైమిమోవానా అనే ఓడ ఉండేది. హవాయి భాషలో ఆ పేరుకు సముద్రాన్ని అన్వేషించేది అని అర్థం. పొదుపు పేరుతో 2012లో దాన్ని పక్కన పెట్టారు. బోయాలను ఎవరూ తీసేయలేదు, ఆ కార్యక్రమం రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు, అయినా 2014 నాటికి ఆ వరుస నుంచి అందే సమాచారం అందవలసినదానిలో సుమారు 40 శాతానికి పడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పసిఫిక్‌లో మరో పెద్ద ఎల్ నినో రూపుదిద్దుకుంటున్నది. 2014, 2015 నైరుతి కాలాలు మన దేశానికి వరుసగా లోటు వర్షపాతంతో గడిచాయి. ఆ లోటుకు ఆ ఓడే కారణమని నేననడం లేదు. మన వానలను శాసించే సముద్రం వైపు, చూడవలసిన వేళ, కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయంటున్నాను. అదీ ప్రపంచంలోకెల్లా సంపన్న దేశం చేతిలో!

ఉపగ్రహాలున్నాయి, తమంతట తాము మునిగి తేలే ఆర్గో పరికరాలు ప్రపంచమంతటా దాదాపు 4,000 ఉన్నాయి, ఇంకా డీజిలు తగలబెట్టి ఓడలు తిప్పడమెందుకని అడిగేవారున్నారు. ఖర్చు మీద వారి ఆందోళన న్యాయమైనదే, లెక్క మాత్రం తప్పు. ఉపగ్రహానికి కనిపించేది నీటి పైపొర. తుపాను మేఘం కప్పేస్తే పరారుణ కంటికి అదీ కనబడదు. ఆర్గో పరికరం సాధారణంగా పది రోజులకు ఒకసారి పైకి వస్తుంది, ప్రవాహం ఎటు లాగితే అటు పోతుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 7న వాయుగుండమై 12న విశాఖను తాకింది, మొత్తం ఐదే రోజులు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి కలిపే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరగా పరుచుకుని, గాలికి కింది నీరు సులువుగా కలవనివ్వక, పై వేడిని తుపానుకు మేతగా నిలిపి ఉంచుతుంది. ఆ పొర ఎంత మందాన ఉందో గంటగంటకూ ఒకేచోట నిలబడి చెప్పగలిగింది లంగరు వేసిన బోయా ఒక్కటే.

బోయాకు వచ్చే ఆపదలన్నీ ప్రకృతి తెచ్చినవీ కావు. తేలే వస్తువు నీడన చేపలు చేరతాయన్నది వేటకు వెళ్లేవారందరికీ తెలిసిన సంగతి. సూర (ట్యూనా) చేప కోసం వచ్చిన బోట్లు బోయాకే తాడు కట్టుకోవడం, వలలు చిక్కుపడితే పరికరాలను కోసేయడం ప్రపంచంలోని అన్ని సముద్రాల్లోనూ ఉన్నదే. దెబ్బతిన్న బోయా సంక్రాంతి దాకా ఆగమంటే ఆగదు కనుక, ఏటా జరిగే పెద్ద యాత్రకు తోడు, అత్యవసరంగా వెళ్లిరావడానికి కొన్ని ఓడ రోజులను ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టాలి. ఈ లెక్కను యాత్ర ప్రణాళికలో మొదటి పుటలోనే రాయాలి.

ఇక్కడ సముద్రం వదిలి మన చెరువుల మాట ఒకటి చెప్పాలి. పాఖాల, రామప్ప, లక్నవరం ఇన్ని వందల ఏళ్లు నీళ్లు నింపుకున్నాయంటే, తవ్వించినవారి కీర్తి ఒక్కటే కారణం కాదు. కట్ట మీద రోజూ నడిచి తూము చూసుకునే నీరటి ఉండేవాడు, అతని బతుకుకు మాన్యం ఉండేది. తెలుగునాట శాసనాలలో కనిపించే దశబంధ మాన్యం చెరువు తవ్వకానికీ మరమ్మతుకూ భూమి ఫలాన్నే ముడివేసిన ఏర్పాటు. మరమ్మతు సొమ్ము కోసం ఏటేటా కొత్తగా చేయి చాచవలసిన అవసరం లేకుండా పెద్దలు చేసిన ముందుచూపు అది. మనం వదిలేసింది సరిగ్గా దాన్నే. నగరంలో వీధిదీపం నుంచి నాలా దాకా ప్రారంభోత్సవానికి ఉన్న పద్దు పూడికతీతకు ఉండదు, పూడిక తీయని నాలా వానాకాలంలో ఏం చేస్తుందో హైదరాబాదువాళ్లకు వేరే చెప్పాలా?

బోయాల యాత్రకు కావలసింది అటువంటి దశబంధమే. సముద్ర పరిశోధనకు కేటాయించే సొమ్ములో ఒక స్థిరమైన భాగం ఐదేళ్లకు ఒకేసారి ఓడ రోజులకు, విడి పరికరాలకు, తాడుకు, బ్యాటరీలకు రాసివేయాలి. మార్చి 31 దాటినా అది మురిగిపోకూడదు, మధ్యలో మరో పథకానికి మళ్లకూడదు. కొత్త సముద్ర పరిశోధన నౌక నిర్మాణానికి 2024 జూలైలో కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థతో ఒప్పందం కుదిరింది. అది జలప్రవేశం చేసిన రోజున కొబ్బరికాయ కొట్టే ఫొటో అన్ని పత్రికల్లోనూ వస్తుంది, రానివ్వండి. ఆ ఫొటో పక్కనే, రాబోయే ఐదేళ్లలో మన ఓడలన్నీ కలిసి బోయాల కోసం సముద్రం మీద గడిపే రోజుల పట్టికను కూడా కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ అచ్చు వేయించాలి. అందులో ప్రతి ఏడాదికీ మొదటి తేదీ సంక్రాంతి తరువాతి సోమవారమై ఉండాలి.